చేపల తొట్టి అడుగున ఏ రాళ్లున్నాయో కూడా రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. తొట్టి ఈశాన్యంలో ఉండాలా ఉత్తరంలో ఉండాలా, ఎనిమిది బంగారు చేపలకు తోడు ఒక నల్ల చేప ఎందుకు, అడుగున ఏ రంగు రాళ్లు పోస్తే హాలుకు కళ వస్తుంది, అన్నీ వివరంగా రాశారు. ఫొటోలు కూడా బాగున్నాయి. కానీ ఆ రాళ్లు ఏ జాతి రాళ్లో, చేపకు రోజూ ఏం వేయాలో, ఎంత వేయాలో ఎక్కడా లేదు. చేపలు ఎందుకు చచ్చిపోతాయో అసలే లేదు.

నేను నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తాను. రొయ్యల గుంటల రైతులు పొద్దున్నే సీసాల్లో నీళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. సెలైనిటీ (ఉప్పదనం), పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత, 7 అంటే మధ్యస్థం), మేతా మలం కుళ్లితే పుట్టే అమ్మోనియా, నైట్రైట్ చూసి కాగితం మీద రాసిస్తాం. ఈమధ్య ఆ సీసాల మధ్యలో ఇళ్లలోని చేపల తొట్టి నీళ్లు కూడా వస్తున్నాయి. గృహప్రవేశానికి అక్వేరియం కానుకగా ఇవ్వడం ఫ్యాషనైంది కదా. ఇచ్చినవాళ్లు భోజనం చేసి వెళ్లిపోతారు, పుచ్చుకున్నవాళ్లకి నెల తిరక్కుండా టెన్షన్ మొదలవుతుంది.

కిందటి ఎండాకాలం మా వీధిలో ఉండే ఒకావిడ కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టుకొచ్చింది. "అన్నా, ఈ నీళ్లు కాస్త చూడవా. వారానికొకటి పోతోంది. ఇంటికొచ్చిన గండం చేపల మీదుగా పోతోందిలే, మంచిదేనంటోంది మా అత్త" అంది.

"గండం సంగతి తర్వాత చూద్దాం. అడుగున ఏం రాళ్లు వేశావమ్మా?"

"తెల్లవి. షాపాయన ఇచ్చినవే."

"మేత ఎవరు వేస్తారు?"

"మా చిన్నోడు. స్కూలుకి పోయేముందు, వచ్చినాక, మళ్లా హోంవర్కు అయినాక. అవి నోరు తెరుచుకుని అద్దం దగ్గరికి వస్తాయన్నా, వాడికి జాలి."

నీళ్లు పరీక్షిస్తే పీహెచ్ 8 దాటింది, అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర తేలింది. ఆ రాళ్లు నాలుగు తెమ్మన్నాను. మా ల్యాబ్‌లో కిటికీ దగ్గర సైదాపురం మైకా గనుల వైపు నుంచి ఎవరో తెచ్చిపెట్టిన పలుగురాయి ముక్కలున్నాయి. రెండూ తెలుపే. దూరం నుంచి చూస్తే ఏది ఏదో చెప్పలేం. పక్కపక్కన పెట్టి ఒక్కో దాని మీద ఒక్కో చుక్క యాసిడ్ వేశాను. పలుగురాయి మీద చుక్క వేసింది వేసినట్టే నిలబడింది. షాపు రాయి మీద పడగానే సుయ్యిమని నురగ పొంగింది, సన్న బుడగలు అంచుల దాకా పాకాయి. అది పాలరాయి ముక్క. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, సున్నపురాయి తోబుట్టువు. నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతూ వాటి గట్టిదనాన్నీ (అంటే కరిగిన సున్నాన్నీ) పీహెచ్‌నీ పైకి లాగుతూ ఉంటుంది.

ఇంట్లో యాసిడ్ ముట్టుకోనక్కర్లేదు. రాయి కొంచెం గీరి, ఆ పొడి మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వేసి, చెవి దగ్గర పెట్టుకున్నా తెలుస్తుంది. బుస వినిపిస్తే అది సున్నం జాతి. మైపాడు బీచ్‌కి పోయినప్పుడు పిల్లలు ఏరుకొచ్చే గవ్వలు, ఆల్చిప్పలు, షాపుల్లో అమ్మే పగడపు ముక్కలు, వంటింటి గట్టుకి వేయగా మిగిలిన కడప బండ ముక్క, ఇవన్నీ ఆ జాతివే. సముద్రపు ఇసుకలో ఉప్పు కడిగితే పోతుంది గానీ అందులో కలిసిన గవ్వల పొడి పోదు. చీమకుర్తి గ్రానైట్ ముక్కలైతే నీళ్ల జోలికి పోవు, కాకపోతే అంచులు కోసుకుపోయేలా ఉంటాయి, ఆ సంగతి తర్వాత చెప్తాను. మార్కాపురం పలక ముక్కలు నిలబెట్టి గుహలా కట్టుకుంటే చూడ్డానికి బాగుంటుంది, వాటినీ ఒకసారి వెనిగర్‌తో చూసి వేసుకోండి.

అట్లని పాలరాయి విషమని నేననడం లేదు. గట్టి నీళ్లు ఇష్టపడే చేపలున్నాయి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లకు అలాంటి రాళ్లే కావాలి. మోలీలు, గప్పీలు కూడా తట్టుకుంటాయి. నియాన్ టెట్రాలు, ఏంజెల్ చేపలు మెత్తటి నీళ్లవి, వాటికి సరిపడదు. పైగా మా తీరం ఊళ్లలో బోరు నీళ్లు అసలే గట్టివి, వాటిలో పాలరాయి వేసినా పెద్దగా మారేదేమీ ఉండదు. మెత్తటి నీళ్లు పోసుకునే ఇళ్లలోనే ఈ తేడా బాగా కనిపిస్తుంది. గోల్డ్‌ఫిష్ కూడా కేవలం పీహెచ్ పెరిగినంత మాత్రాన చావదు. పెరిగిన పీహెచ్‌కి మిగిలిపోయిన మేత తోడైనప్పుడే చస్తుంది. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఈ సంగతి చెప్పడానికే. రాళ్లు ఒక శీర్షిక కింద, మేత ఇంకో శీర్షిక కింద రాసే విషయాలు కావు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

రెండడుగుల తొట్టిలో రాళ్లు పోను సుమారు 60 లీటర్ల నీళ్లు పడతాయి. మేతలో 35 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుందాం. మాంసకృత్తుల్లో 16 శాతం నైట్రోజన్. అంటే ఒక్క గ్రాము మేత తినకుండా మిగిలి పూర్తిగా కుళ్లితే 56 మిల్లీగ్రాముల నైట్రోజన్ అమ్మోనియా రూపంలో నీళ్లలోకి వస్తుంది. 60 లీటర్లకు పంచితే లీటరుకు దాదాపు 1 మిల్లీగ్రాము. ఒక్క గ్రాము గుళికలంటే టీ చెంచాలో సగం కూడా ఉండవు. మా వీధి చిన్నోడు మూడు పూటలా వేసేది అంతకంటే ఎక్కువే.

ఆ అమ్మోనియా అంతా ఒకే రూపంలో ఉండదు. అందులో కొంత వాటా మాత్రమే మొప్పల్లోంచి చేప ఒంట్లోకి దూరి చంపే రకం. నీళ్ల వేడి 28 డిగ్రీలు, పీహెచ్ 7 ఉంటే ఆ వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8 అయితే నూటికి ఆరేడు అవుతుంది. మేత అంతే, నీళ్లు అంతే, చేప అదే, విషం మాత్రం తొమ్మిది పది రెట్లు! విషపు రకం లీటరుకు 0.05 మిల్లీగ్రాము దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. పీహెచ్ 8కి చేరిన పాలరాళ్ల తొట్టిలో ఆ ఒక్క గ్రాము మేతే ఆ గీత దాటించేస్తుంది. మెత్తటి నీళ్లు పోసి, పీహెచ్ 7 దగ్గరే ఉన్న పలుగురాళ్ల తొట్టిలో దాని దరిదాపులకు కూడా రాదు. నెల్లూరు ఎండలకు హాల్లోని తొట్టి నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే, వేడి పెరిగేకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది. గండం ఎక్కడిదో ఇప్పుడు మీరే చెప్పండి. నమ్మకం ఎవరిష్టం వాళ్లది, నేను వాదనకు పోను. కానీ దోషం పట్టుకుపోయిందని సంతోషపడితే కారణం వెతకరు కదా, మర్నాడు అవే నీళ్లలో ఇంకో చేపను తెచ్చి వదులుతారు.

తొట్టి పాతబడితే కొంత నయం. రాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజిలో ఒకరకం బ్యాక్టీరియా పట్టుకుని అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకోరకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఈ బ్యాక్టీరియా సరిగ్గా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనవాళ్లు అంతవరకు ఆగరు. తొట్టి కొన్న రోజే నీళ్లు, చేపలు, మేత. పోనీ నెల గడిచిందనుకుంటే, ఆదివారం రాళ్లన్నీ బక్కెట్లో పోసి కుళాయి కింద బట్టలు ఉతికినట్టు ఉతుకుతారు. కుళాయి నీళ్ల క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా కాస్తా పోతుంది, కథ మళ్లీ మొదటికి. రాళ్ల మీది మురికిని సన్న పైపు పెట్టి నీళ్లతో పాటే లాగేయాలి గానీ రాళ్లు బయటికి తీయకూడదు. మా వీధి ఆవిడకు కూడా పాలరాళ్లు ఒకేసారి కాకుండా మూడో వంతు చొప్పున తీసి మార్చమన్నది అందుకే.

ఇంతకీ ఏం వేయాలి? మన జిల్లాలో పెన్నా ఇసుక ఉండగా రంగురాళ్లకు డబ్బులు పోయడం నాకు విడ్డూరంగా ఉంటుంది. చవకబారు రంగురాళ్ల రంగు కొన్నాళ్లకు నీళ్లలోకి దిగుతుంది కూడా. దగ్గర్లో ఇల్లు కడుతుంటే మేస్త్రీని అడిగితే రెండు బొచ్చెల ఇసుక కాదనడు. సిమెంటు తగలని కుప్పలోంచి తీసుకోవాలి. సిమెంటు కలిసిందంటే పీహెచ్ పాలరాయి కంటే ఎక్కువ పెరుగుతుంది. జల్లించి, పైన మిగిలిన ముతక రకం ఉంచుకోవాలి. వండ్రు పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, సబ్బు తగలకూడదు, తర్వాత ఎండలో ఆరబోయాలి. రెండడుగుల తొట్టికి నాలుగు సెంటీమీటర్ల మందం చాలు, 10–12 కిలోలు పడుతుంది. రాతిపొడి ఇసుక వద్దు, దాని అంచులు పదును. అడుగున తిరిగే కోరీ చేపలు మీసాలతో ఇసుక కెలికి తిండి వెతుక్కుంటాయి. పదును రాళ్ల మీద ఆ మీసాలు అరిగి, పుండ్లు పడి, చివరికి మొండిగా మిగులుతాయి. గ్రానైట్ ముక్కల గురించి ఆపింది ఇందుకే. గోల్డ్‌ఫిష్‌లు రాళ్లు నోట్లో వేసుకుని ఊస్తుంటాయి, సరిగ్గా నోరంత సైజు రాయి ఇరుక్కుంటే బయటికి రాదు. వాటికి బాగా సన్నవన్నా ఉండాలి, లేదా మింగలేనంత పెద్దవన్నా ఉండాలి.

మరీ మెత్తటి ఇసుక మందంగా పోసినా చిక్కే. అడుగున గాలి ఆడక నల్లబడుతుంది, కదిపితే కుళ్లిన గుడ్డు వాసన. గుంట అడుగు నల్లబడితే మా రైతులకు నిద్ర పట్టదు. అదే రైతు ఇంటి హాల్లో తొట్టి అడుగు నల్లగా ఉంటే డిజైన్ అనుకుంటాడు!

మేత దగ్గరికొస్తే మన ప్రాంతానికే ప్రత్యేకమైన అలవాటు ఒకటుంది. గుంటల మీద పనిచేసేవాళ్లు 25 కిలోల బస్తా అడుగున మిగిలిన రొయ్యల ఫీడ్ గుప్పెడు తెచ్చి ఇంట్లో చేపలకు వేస్తారు. ఊరికే వచ్చింది కదా అని. రొయ్య మెల్లగా కొరుక్కుని తింటుంది కాబట్టి ఆ ఫీడ్ మునిగేలా, నీళ్లలో చెదరకుండా నిలిచేలా తయారుచేస్తారు. గప్పీ, ఫైటర్ లాంటివి నోరు పైకి తిరిగిన చేపలు, పై నీళ్లలో తింటాయి. వాటికి ఆ గుళిక అందేలోపే రాళ్ల సందులోకి పోతుంది. గోల్డ్‌ఫిష్‌కి అంత మాంసకృత్తులు అవసరం లేదు, అదనంగా పడిందంతా అమ్మోనియాగా బయటికొస్తుంది. చేపను కొనేటప్పుడు దాని నోరు ఎటు తిరిగిందో చూడండి. పైకి ఉంటే తేలే మేత, కిందికి ఉంటే మునిగే మేత. షాపులో చెప్పకపోయినా నోరే చెప్తుంది.

గోల్డ్‌ఫిష్‌కి మనలా జీర్ణకోశపు సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగుల్లోకి పోతుంది. అందుకే ఎంత తిన్నా ఆకలిగా ఉన్నట్టే అద్దం దగ్గరికొస్తుంది. దాని ముఖం చూసి జాలిపడకూడదు. రోజుకు రెండుసార్లు, రెండు మూడు నిమిషాల్లో అయిపోయేంత వేస్తే చాలు. వారానికి ఒక పూట ఉడికించి పొట్టు తీసిన బఠాణీ గానీ పాలకూర గానీ ఇస్తే దాని కడుపుకి మంచిది. బొరుగులు, బిస్కెట్లు, అన్నం మెతుకులు గుడి కోనేటి దగ్గర అలవాటైన మేత, అవి ఇంటి తొట్టిలో వేస్తే రాత్రికే నీళ్లు పాలలా తెల్లబడతాయి. మురుగుకాలువల్లో పట్టి అమ్మే ఎర్ర పురుగులు చేపలు ఎగబడి తింటాయి, నిజమే, రోగాలు కూడా వాటితోనే వస్తాయి. ప్రాణమున్న మేతే కావాలంటే ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే, రొయ్యలాంటి చిన్న జీవి) గుడ్లు మంచివి. మన తీరంలోని హేచరీల్లో రొయ్య పిల్లలకు పెట్టేది అదే. ఉప్పునీళ్లలో వేసి గాలి పెడితే ఒక రోజులో పిల్లలవుతాయి, వడకట్టి మంచినీళ్లతో కడిగి వేయాలి.

ఎంత వేయాలన్నది తేల్చుకోవడానికి నా దృష్టిలో మన రైతు పద్ధతిని మించింది లేదు. గుంటలో చెక్ ట్రేలు దించుతారు. వాటిలో కొంచెం ఫీడ్ వేసి, గంట రెండు గంటల తర్వాత పైకి లాగి, మిగిలిందా అయిపోయిందా చూసి తర్వాతి పూట మేత పెంచుతారు, తగ్గిస్తారు. ఇంట్లో దీనికి ఒక చిన్న గాజు సాసర్ చాలు. తొట్టి మూలన రాళ్ల మీద పెట్టి, మునిగే గుళికలు దాని మీదికి పడేలా వేయండి. పది నిమిషాల తర్వాత సాసర్‌లో గుళికలు కనిపిస్తే తీసేసి, రేపు అందులో సగమే వేయండి. రాళ్ల మీద పడితే సందుల్లోకి జారి మన కంటికి కనిపించదు, సాసర్ మీదైతే లెక్క తేలుతుంది. మా వీధి ఆవిడ ఇంట్లో ఇప్పుడు సాసర్ ఉంది, చేపలు ఉన్నాయి, చిన్నోడికి నా మీద కోపం కూడా ఉంది.

మిగిలిన మేత తినడానికని సక్కర్ చేపను అంటగట్టే షాపులున్నాయి. అది చిన్నప్పుడు అద్దం మీది పాచి నాకుతుంది, పెద్దయ్యాక అడుగు దాటి పెరిగి మిగతా వాటికంటే ఎక్కువ మలం పోస్తుంది. తొట్టి పట్టక ఏ చెరువులోనో వదిలేస్తే అక్కడ అదే దెయ్యం చేప. వలలు చించుకుంటూ జాలరులు తిట్టేది దాన్నే. దయచేసి ఎవరూ బయట వదలొద్దు.

పండక్కి ఊరెళ్తూ పక్కింటివాళ్లకు మేత డబ్బా అప్పగించే వాళ్లకూ ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప నాలుగైదు రోజులు మేత లేకపోయినా ఉంటుంది. మనసొప్పకపోతే చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి ఇవ్వండి, డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.

చివరగా మీ పత్రిక చేయగలిగిన పని ఒకటుంది. ప్యాకెట్లో అమ్మే సరుకు మీద తయారైన నెల, సంవత్సరం ఉండాలని 2011 లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. చేపల షాపుల్లో పెద్ద బస్తా విప్పి పాలిథిన్ కవర్లలో కట్టి వేలాడదీసే మేత మీద చాలాచోట్ల ఏ తేదీ కనిపించదు. విప్పిన మేతలో కొవ్వు ముక్కిపోతుంది, విటమిన్ సి తగ్గిపోతుంది, మన తేమకు బూజు పడుతుంది. తేదీ లేని పొట్లం కొనొద్దని పాఠకులకు చెప్పండి. నెలా రెండు నెలల్లో అయిపోయేంత చిన్న డబ్బా కొనుక్కోమనండి. రాళ్ల సంచి మీద కూడా అది పాలరాయో పలుగురాయో రాసి అమ్మమని మీరు గట్టిగా రాస్తే షాపులవాళ్లు వింటారు, మా లాంటివాళ్లు చెబితే వినరు. ఈ ఎండాకాలం లోపు రాస్తే మరీ మంచిది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, మేత అరగడానికి చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కాబట్టి కరెంటు పోయి ఏరేటర్ (నీళ్లలోకి గాలి ఊదే పంపు) ఆగినప్పుడు మేత అసలు వేయొద్దన్న సంగతి కూడా అందులో చేర్చండి.

ఇట్లు,
ఒక ఆక్వా ల్యాబ్ టెక్నీషియన్,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా